ఒక్క చాయ్‌కి ఎంతసేపు కూర్చోవచ్చు?

పాత హోటలు ఒకటి మూసేశారన్న కబురు వినగానే మన మగవాళ్ళ మొహాలు ఎలా అయిపోతాయో మీరెప్పుడైనా గమనించారా? దూరపు బంధువు పోయాడని తెలిసినప్పుడు కూడా అంత దిగులు కనిపించదు. "అయ్యో, ఆ మూలమీది ఇరానీ హోటలు తీసేశారా!" అంటారు. ఆ తరవాత అరగంటసేపు అక్కడ తాగిన చాయ్‌లూ, ముంచుకు తిన్న ఉస్మానియా బిస్కెట్లూ, పడగొట్టిన ప్రభుత్వాలూ వరసగా బయటికొస్తాయి. వింటున్న ఆడవాళ్ళం ఊఁ కొడుతూ ఉంటాం.

ఊఁ కొట్టీ కొట్టీ నాకో అనుమానం వచ్చింది. బెంగ నాకూ ఉంది. ఆ మాట అబద్ధం కాదు. కాని ఎందుకున్నట్టు? నేనక్కడ కుదురుగా కూర్చున్నదెప్పుడు గనక!

లాలాగూడ అంటే రైలు. నిజాం కాలంలో 1893లో పెట్టిన వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి ముఖ్యస్థానమైంది. క్వార్టర్లలో గుంటూరువాళ్ళూ, వరంగల్లువాళ్ళూ, అరవవాళ్ళూ, ఆంగ్లో ఇండియన్లూ ఒకే పంపు దగ్గర బిందెలు పెట్టుకునేవారు. సాయంత్రం సైరను కూయగానే వర్క్‌షాపు గేటులోంచి సైకిళ్ళు వరదలా వచ్చేవి. అందులో సగం తిన్నగా ఇళ్ళకి చేరేవి కావు. "సైరను మోగి గంటయింది, మీ నాన్నింకా రాలేదేమే?" అని అమ్మ నన్నడిగేది. జవాబు నాకంటే ఆవిడకే బాగా తెలుసు. మూలమీద హోటలుంది కదా!

మూలమీద అని ఊరికే అనలేదు. ఇరానీ హోటలు నాలుగు రోడ్ల కూడలిలో, వీధి పోటున్న చోటే ఉండేది. మనవాళ్ళు వాస్తు బాగాలేదని వదిలేసిన మూలకొట్లు ఇరానీలకి చవగ్గా దొరికాయని చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, యజ్ద్ లాంటి ఊళ్ళనుంచి బొంబాయికీ పూనాకీ, అక్కడినుంచి హైదరాబాదుకీ వచ్చినవాళ్ళు వీళ్ళు. ఈ రోజుల్లో చెయిన్ హోటళ్ళంటే ఒకే కంపెనీ, ఒకే బోర్డు, ఒకే రంగు బల్లలు. ఇరానీ హోటళ్ళకి కంపెనీ అంటూ లేదు. అయినా చిలకలగూడలో చూసినా, చార్మినారు దగ్గర చూసినా అదే పాలరాతి బల్ల, అవే వంపుకర్ర కుర్చీలు, గోడకి అదే అద్దం, గల్లాపెట్టె పక్కన అవే గాజు జాడీలు. మూత బిగించిన గిన్నెలో గంటలకొద్దీ మరిగే డికాక్షను ఒక పక్క, మీగడ కట్టేలా కాగుతున్న పాలు మరో పక్క. పౌనా అంటే ముప్పాతిక కప్పు. ఇద్దరికి డబ్బులు చాలకపోతే వన్ బై టూ. యజమాని లేని గొలుసు అంటే ఇదే కాబోలు.

దానికో గొప్పతనం ఉంది, కాదనను. స్వాతంత్ర్యానికి ముందు మన రైల్వే స్టేషన్లలో హిందూ పానీ వేరు, ముస్లిం పానీ వేరు. చాయ్ కూడా అంతే. స్టేషనులో అలా విడదీసి పోసిన మనుషులకి బయట ఇరానీ హోటల్లో ఒకటే కప్పు. ఫిట్టరూ, గుమాస్తా, జట్కావాడూ ఒకే బల్లకి అటూ ఇటూ. ఆబిడ్సులో ఓరియంట్ హోటలుండేది. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ కూర్చునేవాడని పాత హైదరాబాదీలు మురిసిపోతూ చెబుతారు. ఓరియంట్ ఇప్పుడు లేదు. అక్కడ బల్లముందు కూర్చుని కవిత్వం చెప్పిన ఒక్క ఆడమనిషి పేరయినా చెబుతారేమోనని నేను అడుగుతూనే ఉన్నాను.

మనకి తెరచాటు గది. "ఫ్యామిలీ రూము" అని రాసి ఉండేది. లోపల చీకటిగా, సమోసా నూనె వాసనతో, ఊగుతూ ఒక పరదా. ఆ సందులోంచి ఒక చెయ్యి కప్పులు పెట్టి మాయమయ్యేది. లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో ఎవరినన్నా చూసొస్తూ, వెంట మగవాళ్ళుంటే, ఆ గదిలో పది నిమిషాలు. తాగామా, లేచామా, అంతే. నా ఇరానీ హోటలు చాలావరకు ఇంటికొచ్చిన కాగితం పొట్లమే. నాన్న ఆలస్యానికి ప్రాయశ్చిత్తంగా తెచ్చే బిస్కెట్లు!

అన్నిచోట్లా ఇలాగే ఉండేదని అనుకోకండి. లండన్లో 1894లో పికడిల్లీ వీధిలో లయన్స్ కంపెనీవాళ్ళు మొదటి టీ షాపు పెట్టారు. తరవాత అవి ఊరూరా వెలిశాయి. తోడు మగవాడు లేకుండా ఆడది కూర్చుని టీ తాగితే అమర్యాద అనుకునే కాలంలో, టైపిస్టులూ షాపుల్లో పనిచేసే అమ్మాయిలూ నిర్భయంగా వెళ్ళగలిగిన చోట్లు అవి. వాళ్ళ పెద్ద హోటళ్ళ పేరు కూడా చిత్రంగా "కార్నర్ హౌస్", మూలయిల్లే! వాటిలో ఆఖరిది 1977లో మూతపడింది. అక్కడి ముసలమ్మలు దానికోసం బెంగపడితే అది వాళ్ళ సొంత బెంగ. నాది అరువు తెచ్చుకున్నదేమోనని నా అనుమానం.

సరే, డబ్బిచ్చి కొనుక్కున్న చాయ్‌కి ఇంకా ఋణం ఏముంటుంది అంటారేమో. చాయ్‌కి ఉండదు. కూర్చున్నందుకు ఉంటుంది. ఒక పౌనా చాయ్‌కి రెండు గంటలు కూర్చుంటే, ఆ రెండు గంటలకీ ఎవరో వెల కట్టే ఉంటారు. బిల్లులో ఎక్కనంత మాత్రాన ఊరికే వచ్చినట్టు కాదు గదా.

గల్లా దగ్గర సేటు కొంత కట్టాడు. అద్దెలు పెరిగినా, పాల ధర పెరిగినా, బల్ల ఖాళీ చెయ్యమని అనలేదు. మరి కొంత, బల్లలు తుడిచిన కుర్రాళ్ళు కట్టారు. పదేళ్ళవాడూ, పన్నెండేళ్ళవాడూ, ఎవరు పిలిచినా "ఛోటూ" అనే పేరుకి పలికేవాళ్ళు, రాత్రి అదే బల్లమీద ముడుచుకు పడుకునేవాళ్ళు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని హోటళ్ళలో పనికి పెట్టుకోకూడదన్న నిషేధం 2006 అక్టోబరు 10 నుంచి గాని అమలులోకి రాలేదు. మనవాళ్ళు చెప్పుకునే ఏ జ్ఞాపకంలోనూ ఆ కుర్రాడికి అసలు పేరుండదు. వాణ్ణి ఇప్పుడు పిలిచి "ఆ రోజులు ఎంత బాగుండేవి కదూ" అనండి చూద్దాం.

ఇక మిగిలిన వాటా ఇంట్లో సైరను విని స్టవ్వు మీద కూర దించి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ దించినవాళ్ళది. మా అమ్మే కాదు, ఆ లైన్లో ప్రతి క్వార్టర్లోనూ ఒకరు. ఒకరి తీరిక మరొకరి నిరీక్షణ లోంచి వస్తుందని ఆ బల్ల దగ్గర ఏ తత్వవేత్తకీ తోచలేదు. అన్నట్టు, ప్రపంచంలో తోచని విషయం లేదు వాళ్ళకి!

అందుకే, పాత హోటలు అమ్ముకున్న సేటుని ఎవరన్నా తిడుతుంటే నాకు నచ్చదు. ఆ మూలస్థలం ఇప్పుడు బంగారం. అతని పిల్లలు చదువుకున్నారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు కాచే ఓపిక వాళ్ళకి లేదు. మన జ్ఞాపకాల కోసం అతను నష్టంలో నడపాలనడం ఏ న్యాయం? లెక్క తెలిసి నిలదొక్కుకున్నవాళ్ళూ లేకపోలేదు. సికింద్రాబాదులో ప్యారడైజ్ టాకీసు పక్కన 1953లో చిన్న కెఫేగా మొదలైన ప్యారడైజ్ ఇవాళ ఊరూరా శాఖలున్న సంస్థ. అక్కడ బిర్యానీ తినాలి, లేవాలి. రెండు గంటల కబుర్లకి అది చోటు కాదు, కానక్కర్లేదు కూడా.

ఇంతా చెప్పాక బెంగ పోవాలి కదా, పోలేదు. ఆలోచిస్తే నాకు దొరికిన కారణం ఇది. ఏ పనీ లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, చేతిలో రూపాయో రెండో పెట్టుకుని, తెలియని మనిషి ఎదురుగా కూర్చుని గంటలు గడపడం మంచి విషయమే. పంచిన తీరే బాగాలేదు. ఇక ఆడపిల్లలు పరదా తీసి బయటి బల్ల దగ్గర కూర్చోవడానికి ధైర్యం తెచ్చుకునేసరికి, ఇళ్ళలో అడ్డు చెప్పేవాళ్ళు తగ్గేసరికి, బల్లలే లేవు. ఎక్కాల్సిన రైలు మా ప్లాట్‌ఫారానికి వచ్చేసరికి బోగీలు ఊడదీసి వర్క్‌షాపుకి పంపేశారు. ఇప్పుడు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టే చల్లగది కాఫీ హోటళ్ళున్నాయి. ఒక కాఫీ రెండువందల పైచిలుకు. అంత పెట్టగలిగిన ఆడవాళ్ళే కూర్చోవచ్చు. మిగతావాళ్ళకి బండి దగ్గర నిలబడి తాగే చాయ్.

మొన్న లాలాగూడ వెళ్ళినప్పుడు ఆస్పత్రి దగ్గర అలాంటి బండి ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చాయ్ తాగుతున్నారు. చేతిలో టిఫిను క్యారియర్లు. లోపల వాళ్ళవాళ్ళెవరో ఉన్నట్టుంది. విజిటర్ల టైము ఇంకా గంటన్నరుంది. కూర్చోవడానికి చోటేమన్నా ఉందా అని ఒకావిడ బండివాణ్ణి అడిగింది. అతను అటూ ఇటూ చూసి, మూసి ఉన్న మందులకొట్టు మెట్లు చూపించి, కొట్టు తెరిచేదాకా పరవాలేదమ్మా అన్నాడు.