వాద్యమును, దాని ప్రతిధ్వనియు

వాద్యము నశించి, దాని నాదము రికార్డులో నిలిచినచో, ఆ వాద్యము మిగిలినట్లేనా?

పాశ్చాత్యుల చర్చీలలోని పైపు ఆర్గన్, తిత్తుల గాలిచే గొట్టములను మ్రోగించు మహావాద్యము. దానిని నిర్మించు శిల్పి ఆ మందిరపు వైశాల్యమునకును, ప్రతిధ్వనికిని తగినట్లు ఒక్కొక్క గొట్టము పలుకును సరిదిద్దును. కావున మందిరము కూడ వాద్యములో భాగమే.

1935లో ఆల్బర్ట్ ష్వైట్జర్ లండనులోని ఆల్ హాలోస్ చర్చిలో బాఖ్ కృతులను వాయించి రికార్డులిచ్చెను. 1940 డిసెంబరు బాంబుదాడిలో ఆ ఆర్గన్ నాశమయ్యెను. ఆ రికార్డులను నేటికిని వినవచ్చును. అవి అమూల్యములే. కాని వానిపై క్రొత్త కృతి నొకదానిని పలికింపలేము. శిష్యుడు మెట్లపై వ్రేళ్లుంచి అభ్యసింపలేడు.

మేలైన పాత ఆర్గనులను పడగొట్టి, కర్మాగారములలో తయారగు క్రొత్తవానిని నిలుపుట తగదని ష్వైట్జరే 1906లో చిన్న పుస్తకము వ్రాసి వాదించెను. వానిని బాగుచేయించుటకై ఏండ్లతరబడి పాటుపడెను. రికార్డు జ్ఞాపకమును కాపాడును. మరమ్మతు ప్రాణమును కాపాడును.

అగ్నికి ఆహుతియైన వాద్యమునకు రికార్డే శరణ్యము. కాని పెద్దలవలన సంక్రమించి, ఇంకను పలుకుచున్నదానిని, రికార్డు చేసికొంటిమి కదా యని మూలకు నెట్టుట ధర్మము కాదు.