చేసిన చేయి, తాగే చేయి

ఒకరు గాజు గ్లాసులో ద్రాక్ష వైన్ పోసుకుని, రంగు చూసి, వాసన చూసి, చిన్న గుక్క నోట్లో తిప్పితే లోకం ఆయన్ని ‘రుచి తెలిసిన మనిషి’ అంటుంది. ఇంకొకరు జీలుగు చెట్టు కింద కూర్చుని ఆకు దొప్పలో కల్లు అందుకుంటే అదే లోకం ‘తాగుబోతు’ అంటుంది. మొదటిదాన్ని చూడటానికి జనం విమానాలెక్కి వెళ్తారు. మన ఊళ్లో ఇప్ప సారా కాచే కుండలు పగలగొట్టడానికి ఎక్సైజు జీపు వస్తుంది. మత్తు రెండు చోట్లా ఉంది. మరి గౌరవం ఒకచోటే ఎందుకుంది? డబ్బు వల్లనా? దొరల అలవాటు కావడం వల్లనా? లేక ఆ పద్ధతిలో మనం గమనించాల్సిన మంచి ఏదైనా ఉందా?

ఈ వ్యాసం ఎవరినీ తాగమని చెప్పదు. మనల్ని మనం ఏ కొలతతో కొలుచుకోవాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతం ఉంది. అక్కడి ద్రాక్షతోటలు చిన్న చిన్న మడులుగా ఉంటాయి. ఒక్కో మడికి ఒక పేరు, ఒక హద్దు. వాటిని ‘క్లిమా’ అంటారు. అలాంటివి 1,247 ఉన్నాయి. మన కొండల్లో ఒక్కో పోడు చెక్కకు, ఒక్కో వాగు మలుపుకు పేరున్నట్టే. 2015లో యునెస్కో ఆ మడులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడికి వెళ్లినవారిని తోట యజమాని నేలమాళిగలోకి తీసుకెళ్తాడు. ఓక్ చెక్క పీపాలోంచి గాజు గొట్టంతో కొంచెం వైన్ తీసి, గ్లాసులో రెండు గుక్కలే పోస్తాడు. ఇది ఏ వాలులో పండింది, అక్కడి సున్నపురాయి నేల ఎలాంటిది, ఆ ఏడు చిగురు మీద మంచు ఎప్పుడు పడింది, కోత ఎప్పుడు మొదలైంది, అన్నీ చెబుతాడు. వచ్చినవారు అడుగుతారు. చాలామంది రుచి చూసి పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తారు. అది అక్కడ తప్పు కాదు, మర్యాదే. పది రకాలు రుచి చూడాలంటే తల తిరగకుండా ఉండాలి కదా.

జార్జియా దేశం మనకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. కాకసస్ కొండల కింద ఉన్న ఆ దేశంలో ద్రాక్ష పులియబెట్టడం ఎనిమిది వేల ఏళ్ల నాటిదని పాత కుండ పెంకుల మీద దొరికిన ఆనవాళ్లు చెబుతున్నాయి. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మట్టి కాగులు చేసి, లోపల తేనెమైనం పూసి, మెడదాకా భూమిలో పాతుతారు. వాటి పేరు ‘క్వెవ్రి’. ద్రాక్షరసాన్ని తొక్కలతో పాటు అందులో పోసి, మూత మూసి, నెలల తరబడి ఉంచుతారు. ఆ కాగులున్న గదిని ఇంట్లో పవిత్రమైన చోటుగా చూస్తారు. విందులో ‘తమాదా’ అనే పెద్దమనిషి లేచి ఒక్కో గుక్కకు ముందు మాట చెబుతాడు. శాంతికి, చనిపోయినవారికి, పిల్లలకు, అతిథులకు. సోవియట్ పాలనలో పెద్ద ఫ్యాక్టరీలు వచ్చి లక్షల సీసాలు నింపినా, ఈ కాగుల పద్ధతి పల్లె ఇళ్లలో బతికి ఉంది. 2013లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

ఈ రెండు చోట్లా నాకు కనిపించే మంచి ఒకటే. చేసినవారు, తాగేవారు ఎదురెదురుగా నిలబడతారు. చేసినవారు తన పేరుతో, తన నేల పేరుతో నిలబడాలి కాబట్టి కల్తీ చేయలేరు. తాగేవారి కళ్ల ముందు ఒక మనిషి ఏడాది కష్టం ఉంది కాబట్టి నీళ్లలా గటగటా తాగలేరు. ఇద్దరికీ ఒకరిముందు ఒకరికి జవాబుదారీ ఉంది. హద్దు అక్కడ పుడుతుంది. పోలీసు పెట్టే హద్దు కంటే ఇది మెత్తనిది, గట్టిది కూడా.

ఇలా చూస్తే మన పెద్దల పద్ధతి వెనకబడినదేమీ కాదు. జీలుగు చెట్టు ఏ ఇంటిదో ఊరికంతటికీ తెలుసు. చెట్టెక్కి గెల గీసి కుండ కట్టిన మనిషే దింపి పోస్తాడు. మొదటి చుక్కలు నేలకు, పెద్దలకు, ఊరి దేవతకు. ఆ తర్వాతే మనుషులకు. ఏ చెట్టు కల్లు తియ్యన, ఏది పులుపు, ఏ నెలలో పల్చబడుతుంది అన్నది మన తాతలకు బర్గండీ రైతుకు తెలిసినంత బాగా తెలుసు. ఇప్పపువ్వు రాలే కాలం, ఏరే పద్ధతి, ఎండబెట్టే తీరు మన అమ్మలకు తెలుసు. యునెస్కో కాగితం లేకపోవడం ఒక్కటే తేడా.

కానీ ఇక్కడ ఆగిపోతే మనం మనకే ముఖస్తుతి చేసుకున్నట్టు అవుతుంది. వైన్ కథకు రెండో ముఖం ఉంది. అది దక్షిణాఫ్రికాలో కనిపిస్తుంది. కేప్ ప్రాంతంలో డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో ద్రాక్షతోటలు వేశారు. ఆ నేల అంతకు ముందు ఖోయ్ పశుపాలకులది, శాన్ వేటగాళ్లది. నేల పోగొట్టుకున్నవాళ్లు, బానిసలుగా తెచ్చినవాళ్లు ఆ తోటల్లోనే కూలీలయ్యారు. వాళ్లకు కూలిలో భాగంగా రోజుకు కొన్నిసార్లు నాసిరకం వైన్ పోసేవారు. ఆ పద్ధతి పేరు ‘డాప్’. 1960లలో చట్టం కాదన్నా చాలాకాలం నడిచింది. తల్లి కడుపులో ఉండగానే మద్యం వల్ల దెబ్బతిని పుట్టే పిల్లలు ప్రపంచంలో ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఈనాటికీ ఆ తోటల సీమ ఒకటి. అదే సీమలోని స్టెలెన్‌బాష్, పార్ల్ ఊళ్లకు ఏటా వేలమంది వైన్ రుచి చూడటానికి వస్తారు. తోటలు అందంగా ఉంటాయి, గ్లాసులు మెరుస్తుంటాయి.

అక్కడ ‘చేసినవారు’ ఎవరు? కొమ్మలు కత్తిరించిన చేయి, గుత్తి కోసిన చేయి రుచి చూసే బల్ల దగ్గర ఎక్కడుంది? సీసా మీద యజమాని పేరుంది. కూలీకి పోసిన వైన్‌లో రుచి లేదు, మాట లేదు, వద్దనే హక్కు అంతకంటే లేదు. ద్రాక్ష అదే, నేల అదే. ఒక బల్ల మీద అది సంస్కృతి, ఇంకో చేతిలో సంకెల.

మన దేశంలో వైన్‌కు పేరున్న నాసిక్ జిల్లాకు వెళ్లినా ఈ ప్రశ్న వదలదు. పేఠ్, సుర్గాణా తాలూకాల ఆదివాసీలు పనుల కాలంలో కొండ దిగి ఆ జిల్లా ద్రాక్షతోటల్లో కూలికి వస్తారు. వారాంతాల్లో ముంబయి నుంచి వచ్చేవాళ్లు గ్లాసు తిప్పుతూ తోట అందం చూస్తారు. ‘తయారీదారుతో కలిసి రుచి చూడటం’ అన్నప్పుడు తయారీదారు అనే మాటలో ఎవరిని చేర్చాం, ఎవరిని వదిలేశాం అన్నది మనం అడగాలి.

మన దగ్గర ఈ బంధం ఎలా తెగిందో చరిత్రలో ఉంది. 1879లో రంపలో తిరుగుబాటు ఎందుకు వచ్చింది? దానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కల్లు. మున్సబుదారు వేసిన చిగురు పన్ను ఒకవైపు, ఇంటి వాడకానికి కూడా కల్లు గీయరాదంటూ గుత్తేదార్లకు హక్కు కట్టబెట్టిన ఆబ్కారీ నిబంధనలు ఇంకోవైపు. తమ్మన్న దొర వెంట కొండలు లేచాయి. బొంబాయి రాష్ట్రంలో 1892లో ఏకంగా ఇప్పపువ్వు సేకరణ, నిలవ మీదే చట్టం తెచ్చారు. అలా చెట్టు గీసినవాడు నేరస్థుడయ్యాడు, ఊరివాడు గిరాకీ అయ్యాడు. మధ్యలో కాంట్రాక్టరు కూర్చున్నాడు. ఆ తర్వాతి సారా ప్యాకెట్టుకు చెట్టు లేదు, కాలం లేదు, చేసిన చేయి లేదు. ఎంత తాగినా చాలు అనేవారు లేరు. అమ్మేవాడికి మనిషి ముఖం కనబడదు, లెక్క కనబడుతుంది. దానితో కాపురాలు కూలాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల పోరాటం ఆ ప్యాకెట్టు మీదే. 1993లో సారా అమ్మకం ఆగిందంటే వాళ్ల వల్లనే.

ఆ మహిళల గొంతు ఈ చర్చలో ముందు వినాలి. “మత్తు మత్తే. కాలేయానికి సంస్కృతి తెలియదు” అని ఎవరైనా అంటే అది నిజం. ఏ మోతాదు మద్యమూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇప్పపువ్వు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. తాగివచ్చిన చేతి దెబ్బ తినేదీ వాళ్లే అయితే, ఆ తాగుడికి ‘మన సంప్రదాయం’ అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు. సంప్రదాయంలో హద్దు ఉంది. హద్దు తీసేసి పేరు మాత్రం ఉంచుకోవడం కల్తీయే.

ఇప్పుడు కొత్త మాట వినబడుతోంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్ప సారాను ‘వారసత్వ మద్యం’గా అమ్మిస్తామని 2021లో ప్రకటించింది. ఆదివాసీ స్వయం సహాయక సంఘాల చేత సీసాల్లో నింపిస్తోంది. మన ఏజెన్సీలోనూ పర్యాటకుల కోసం అలాంటివి రావాలని కొందరు యువకులు అంటున్నారు. నేను దాన్ని వెంటనే కాదనను, వెంటనే ఔననను. బర్గండీ, జార్జియా, కేప్ నేర్పిన మూడు ప్రశ్నలు అడుగుతాను. సీసా మీద ఎవరి పేరు, ఏ ఊరి పేరు ఉంటుంది? రుచి చూసే చోట పువ్వు ఏరిన మనిషి ఆతిథ్యం ఇచ్చేవారిగా కూర్చుంటారా, కప్పులు కడిగేవారిగానా? అన్నిటికంటే పెద్దది, ఊరు వద్దంటే ఆగుతుందా?

మూడో ప్రశ్నకు చట్టంలో జవాబుంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాలను నిషేధించే, వాటి అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంటుంది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమూ ఉండాలంటుంది. పువ్వు మనది అనే హక్కు, సారా వద్దు అనే హక్కు ఒకే చట్టంలో పక్కపక్కన ఉన్నాయి. ఈ రెండోది లేకుండా మొదటిది ఇస్తే మనం ఇంకొకరి దుకాణానికి సరుకు మోసేవాళ్లమే అవుతాం.

ఉపాధ్యాయ మిత్రులారా, బడిలో ‘మద్యం చెడ్డది’ అని ఒక్క వాక్యం రాయించి వదిలేయకండి. పిల్లవాడు ఇంటికి వెళ్లి తాతను చూసి సిగ్గుపడతాడు. తాతను అడిగి రమ్మనండి. చెట్టు ఎవరిది? మొదటి చుక్క ఎవరికి? ‘చాలు’ అనే మాట ఎవరు చెప్పేవారు? ఆ మాట ఇప్పుడు ఎందుకు వినబడటం లేదు?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గాజు గ్లాసు మన కొలత కాదు. చేసిన చేయికి పేరుందా, తాగే చేయికి హద్దుందా, వద్దన్న గొంతుకు విలువుందా అన్నదే కొలత. ఆ కొలతతో బర్గండీ నేలమాళిగనూ చూడండి, మన జీలుగు చెట్టు కింద చోటునూ చూడండి.