పూదోట సంఘము – శరణ గోష్ఠి

ఇటీవలి కాలమున మన పట్టణములలోని వాడలయందు భజన మండలులు, పొదుపు సంఘములు మున్నగు వాని సరసన పూదోట సంఘములు కూడ వెలయుచున్నవి. పెరడు గలవారు పెరటిలోను, పెరడు లేనివారు మిద్దెపై కుండీలలోను మొక్కలు పెంచుకొనుచు, నెలకొకసారి ఒకచోట కూడి, తోటపని యెరిగిన యొకరిని అతిథిగా పిలిచి ప్రసంగము చేయించుకొనుచున్నారు. అతిథికి శాలువ కప్పుదురు. ప్రసంగానంతరము సందేహములు తీర్చుకొందురు. విత్తనములు, అంట్లు, కొమ్మలు ఇచ్చిపుచ్చుకొందురు. ఫలహారముతో సభ ముగియును.

చూచుటకిది చిన్న విషయమే. బసవధర్మమును నమ్మినవారు దీనిని గూర్చి తలపోయవలసిన దేమున్నదని కొందరికి తోచవచ్చును. కాని యొకచోట పదిమంది కూడి ఒకరి మాట విన్నప్పుడెల్ల రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. ఆ పీఠముపై కూర్చుండి మాటలాడుటకు అర్హుడెవ్వడు? విన్నవాడు ఆ మాటకు ఏమి ఋణపడి యున్నాడు? ఈ రెండును ధర్మప్రశ్నలు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు శరణులు ఈ ప్రశ్నలకు తమ నడవడిచేతనే సమాధానము చెప్పియున్నారు. ఆ సమాధానమును మన వాడలోని పూదోట సంఘమునకు అన్వయించి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

తోటపనికై సంఘము కట్టుట మన దేశమున క్రొత్త గాదు. 1820లో కలకత్తా నగరమున విలియం కేరీ అను మిషనరీ వ్యవసాయ ఉద్యాన సంఘమును నెలకొల్పెను. 1835లో మద్రాసున అట్టి సంఘమే వెలసినది. ఇందొక విశేషము గమనింపదగినది. కలకత్తా సంఘమును స్థాపించిన కేరీ ఇంగ్లండులో యౌవనమున చెప్పులు కుట్టి జీవించినవాడు. అనేక భాషలు నేర్చిన పండితుడైనను ఆ వృత్తిని ఆయన దాచుకొనలేదు. చెప్పులు కుట్టిన చేయి ఒక విద్వత్సంఘమునకు పునాది వేయుట శరణ చరిత్ర నెరిగిన మనకు వింత గొలుపదు. కల్యాణమున సమగార హరళయ్యగారి చేయియు అట్టిదే గదా!

అనుభవ మంటపమును స్మరింతము. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే ఆనాటి కల్యాణము. బిజ్జలుని కొలువున భండారియైన బసవేశ్వరుడు మంటపమునకు ప్రాణమైనను, శూన్యసింహాసనముపై తాను కూర్చుండక అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. ఆ సభలో మాటలాడినవారెవరు? బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య. వీరిలో ఒక్కరును తమ పని మానుకొని వక్తలైనవారు కారు. పనిలోనుండి మాట పుట్టినది. ఆ మాట వచనమైనది. కైలాసము కాయకమునకు వేరుగా లేదను వారి సిద్ధాంతమున కర్థమిదియే. చేయి ఎరుగని దానిని నోరు పలుకరాదని వారి నియమము.

తోటకు సంబంధించిన ప్రసంగమే కావలెనన్నచో, మన సంప్రదాయమున గొగ్గయ్య వృత్తాంతము కలదు. పదునైదవ శతాబ్దమున చామరసు కన్నడమున రచించిన ప్రభులింగలీల తెలుగునకును వచ్చినది. దేశసంచారము చేయుచున్న అల్లమప్రభువు తన తోటలో పనిచేసికొనుచున్న గొగ్గయ్యను చూచి, ఆ తోటపనినే దృష్టాంతముగా గొని, దేహమను తోటను బాగుచేసికొను మార్గము బోధించెను. నెలనెల అతిథిని పిలుచుకొను సంఘములవారు ఇందలి తీరును గమనింపవలెను. ప్రభువు గొగ్గయ్యను సభకు రప్పించుకొనలేదు. తానే మట్టిలోనికి నడచి వెళ్లెను. తోటమాలి కెరుకైన పారను, పాదును, నీటికాలువను విడిచి వేరు భాష నాశ్రయింపలేదు. చెప్పువాడు వినువాని తోటలోనికి దిగినప్పుడే మాట నాటుకొనును.

ఇక నేటి సభలకు వత్తము. అన్ని సంఘములును ఒక్క తీరుగా నుండవు గాని, తరచుగా కానవచ్చు దృశ్యమొకటి కలదు. నాలుగైదు ఇండ్లకు తిరుగుచు మొక్కలకు నీరుపోసి, పాదులు త్రవ్వి, కొమ్మలు కత్తిరించు తోటమాలి సభనాడు కుర్చీలు వేయును. తేనీరు అందించును. ప్రసంగము సాగుచుండగా తలుపు కడ నిలుచును. సభ్యులు గర్వముతో ప్రదర్శించు గులాబీలు, చేమంతులు చాలవరకు అతని చేతిలో పెరిగినవే. ఆ నెల ప్రసంగ విషయము గులాబీయే అయినను, నీవేమందువని అతని నడుగువారుండరు. కుర్చీలు వేసిన మనిషికి కుర్చీ లేకుండుట మనకు తప్పుగా తోచకపోవుటయే పెద్ద తప్పు. పుట్టుకచేత ఎక్కువ తక్కువలు లేవని బసవజయంతినాడు వేదికలపై చెప్పుచున్నాము. జాతిచేత వచ్చిన తారతమ్యమును నోటితో నిరాకరించి, పనిచేత వచ్చిన తారతమ్యమును కుర్చీలతో నిలుపుకొనుట ధర్మమగునా?

ఒక ఉదాహరణము చూతము. మన ఇండ్లలో లింగార్చనకై బిల్వము పెంచుదుము. బిల్వము నిమ్మకుటుంబమునకు చెందిన వృక్షము. అందుచేత నిమ్మ, నారింజ, కరివేపాకులపై గ్రుడ్లుపెట్టు సీతాకోకచిలుక బిల్వపు లేత చిగుళ్లపైనను పెట్టును. పుట్టిన పురుగు మొదట పిట్టరెట్ట వలె మచ్చలతో నుండి, పెరిగిన పిదప ఆకుపచ్చగా మారి, ఆకుల రంగులో కలిసిపోయి, చిన్న మొక్కనైనచో కొలది దినములలో మోడు చేయును. శివునకర్పింపవలసిన పత్రిని పురుగు తినుచున్నది. ఏమి చేయవలెను? ఒక అతిథి వచ్చి, ఫలానా మందు కొట్టుడని చెప్పిపోవును. మందు కొట్టిన ఆకును పూజకు కోయవచ్చునా, పురుగును చంపి తెచ్చిన పత్రి దయామూలమైన ధర్మమున కొప్పునా అను ప్రశ్న ఆయన దృష్టికే రాకపోవచ్చును. అనుభవజ్ఞుడైన తోటమాలి నడిగినచో, ఉదయమున చిగుళ్లను తిరుగవేసి చూచి, గ్రుడ్లున్న ఆకులను త్రుంచి, పురుగులనేరి పెరటి చివరనున్న నిమ్మచెట్టుపై విడువుడనును. పెద్దచెట్టు నాలుగు ఆకులు పోయినను ఓర్చుకొనును, చిన్న బిల్వము ఓర్వలేదు, ఇంతే ఆతని శాస్త్రము. అందులో మొక్కకును, పురుగుకును, పూజకును చోటున్నది. ఆ మాట తలుపు కడనే నిలిచిపోయినచో నష్టపోవునది సభయే.

అట్లని చదువును నిరసించుట శరణమార్గము గాదు. చన్నబసవేశ్వరుడు మహాజ్ఞాని. ఆయన షట్‌స్థల విచారము లేనిదే మన దర్శనము సమగ్రము గాదు. చేతిపనివాని నమ్మకములన్నియు నిజములు కావు. మొక్క వాడినదనగానే నీరు పోయుట, వేళ్లు కుళ్లుచున్నను ఇంకను పోయుట చేతిపనిలోని పొరపాటు. వాడుటకు నీటి కొరత యొక్కటే కారణము కాదని శాస్త్రము చెప్పును. వేప పురుగును పారద్రోలునని పల్లెవారెల్లరు నెరుగుదురు. కాని ఎంత పప్పు, ఎంత నీరు అను లెక్కను శాస్త్రజ్ఞులు కుదిర్చిరి. 50 గ్రాముల వేపగింజల పప్పును పొడిచేసి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లిన అది 5 శాతము కషాయమగును. పల్లె యెరుకకు కొలత దొరకినది. శాస్త్రమునకు వేపచెట్టు దొరకినది. రెండును ఒకే పీఠముపై కూర్చుండవలసినవి.

కథారచయితలైన తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదున తమ ఇంటి మిద్దెపై కూరగాయలు పండించి, ఆ అనుభవమును ‘మిద్దెతోట’ అను గ్రంథముగా వెలువరించిరి. అట్టివారి మాటకు విలువ వచ్చుట పట్టమువలన గాదు, పార పట్టుటవలన. కావున అతిథి నెన్నుకొనునప్పుడు ఆయన పదవియేమని గాక, ఆయన చేయి దేనిని ముట్టినదని అడుగుట మంచిది. పదవియు పనియు ఒక్కచోట నున్నచో మరింత మంచిది.

అర్హుడైనవాడు పీఠముపై కూర్చుండినంతమాత్రమున సభ పని తీరదు. అక్కమహాదేవి ఉడుతడినుండి కల్యాణమునకు వచ్చినప్పుడు, శరణులు ఆమెను వెంటనే పొగడలేదు. అల్లమప్రభువు కఠినమైన ప్రశ్నలతో పరీక్షించెను. ఆమె తొణకక సమాధానములు చెప్పెను. పిదపనే సభ శిరసు వంచినది. ప్రశ్నించుట అవమానము గాదని, ఎదుటివారి యందలి సత్యమును బయటకు తెచ్చు గౌరవమని ఈ వృత్తాంతము చాటుచున్నది. మన సభలలో చప్పట్లు మెండు, ప్రశ్నలు తక్కువ. శాలువ కప్పి పంపివేసిన అతిథికంటె, “అయ్యా, మీరు చెప్పినట్లు చేసితిమి, మొక్క బ్రతుకలేదు, కారణమేమి?” అని అడుగబడిన అతిథియే ఎక్కువ గౌరవింపబడినవాడు. ఆయన మాటను నమ్మి ఒకరు చేయి కదిపిరన్న మాట గదా!

ఇక రెండవ ప్రశ్న. విన్నవాని ధర్మమేమి? ఇచ్చట దాసోహ తత్త్వము మనకు దారి చూపును. దాసోహమనగా దానము గాదు. దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద నుందురు. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. తెలిసిన విషయమును చెప్పుటయు దాసోహమే. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార మహాస్వాములవారు (1907–2019) అన్నదాసోహమునకు అక్షరదాసోహమును, ఆశ్రయదాసోహమును జతపరచి వేలాది బాలురను తీర్చిదిద్దిరి. అక్షరము దాసోహ ద్రవ్యమైనప్పుడు విత్తనమును, అంటును, వాని మర్మమును అట్టివి కావా?

ఆయ్దక్కి లక్కమ్మ వృత్తాంతము మన తల్లులందరు నెరిగినదే. ఆమె భర్త మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమేరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తేగా, ఆమె దానిని ఆశగా గుర్తించి, మిగులును తిరిగి అక్కడనే పోసిరమ్మనెను. కూడబెట్టినది కాయకము గాదని ఆమె తీర్పు. జ్ఞానమునకును ఈ తీర్పు వర్తించును. పన్నెండు నెలలు పన్నెండు ప్రసంగములు విని, పుస్తకము నిండ వ్రాసికొని, ఒక్క పాదైనను త్రవ్వనివాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చుకొన్నవాడే. అరుదైన మొక్క తన యింట మాత్రమే యుండవలెనని అంటు నడిగినను ఈయనివాడును అట్టివాడే. తన మొక్కలను కోయక, తెల్లవారకముందే పొరుగువాని గోడపైనుండి పూజకు పూలు తెంపుకొనువాని మాట చెప్పనక్కరలేదు. విన్నది చేతికి రావలెను. చేతికి వచ్చినది మరియొక చేతికి పోవలెను. అంతదనుక వినికిడి ఋణమే.

కావున శరణ కుటుంబములకును, మఠములకును కొన్ని విన్నపములు. పలు మఠములలో ఖాళీ ఆవరణలున్నవి. పూదోట సంఘమునకు అంతకంటె తగిన తావు లేదు. నెలకొక గోష్ఠి జరుపుడు. ఒక నెల ఉద్యానశాస్త్రజ్ఞుని పిలిచిన, మరియొక నెల తోటమాలిని, పూలు కట్టు వృత్తివారిని, కూరలు పండించు రైతు తల్లిని పిలువుడు. పిలిచినవారిని పీఠముపై కూర్చుండబెట్టుడు. ఉపన్యాసము చేతగానివారిని తోటలోనికి తోడ్కొని పోయి, చేసి చూపుడని వేడుడు. వారి నాటి కూలి పోకుండ చూచుట మరువవలదు. కాయకమునకు తగిన ప్రతిఫలము ముట్టుట ధర్మమే. ఫలహారమువేళ తేనీరందించు వంతు సభ్యులే పంచుకొనుడు. బసవజయంతినాడు శాలువలకు బదులు బిల్వపు మొక్కలు పంచి, తరువాతి యేడు ఎవరి మొక్క ఎట్లున్నదని అడుగుడు.

తోట ఎవరి పాండిత్యమును మెచ్చుకొనదు, ఎవరి కులమును అడుగదు. నీరు పోసినవానికి చిగురించును, పోయనివానికి వాడును. ఇంత నిష్పక్షపాతమైన దానిచుట్టు కూర్చుండి మనము పక్షపాతము చూపుట తగదు. ఏ సభలో తలుపు కడ నిలిచినవాడు లోనికి వచ్చి కూర్చుండునో, ఏ సభలో విన్న మాట మరునాటి ఉదయమున పారగా మారునో, ఆ సభ మిద్దెపై జరిగినను, మఠపు ముంగిట జరిగినను, అనుభవ మంటపమున కొక చిన్న కొమ్మ యగును.

శరణు శరణార్థి.