అట్ట తప్పు కాదు

రాయకోట కొండ కింద ఒక ఊళ్లో పంపుసెట్లు బాగుచేసే తాత ఒకాయన ఉండేవాడు. వేసవి సెలవులొస్తే ఆయన షెడ్డంతా పిల్లలదే. హోసూరు వైపు తోటల నుంచి రోజాపూలు మోసే అట్టపెట్టెల్లో చినిగిపోయినవి ఏరి తెచ్చి, వాటితో బండ్లూ తిరగళ్లూ చేసేవాళ్లు.

ఒక ఏడు మనవరాలు అట్టతో జేసీబీ చేస్తానంది. రెండు సిరంజిల్లో నీళ్లు నింపి, సెలైన్ పైపుతో కలిపింది. ఒకటి నొక్కితే రెండోదాని పిడి బయటికొచ్చి అట్ట చేతిని లేపాలి. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. రోడ్డు మీద పెద్ద జేసీబీ నూనెతో చేసేదీ ఈ పనే.

మొదట చేయి కదల్లేదు. పైపులో గాలి బుడగ ఉండిపోయింది. నీళ్లలా కాదు, గాలి నొక్కితే కుంచించుకుపోతుంది. పిల్ల పెట్టిన బలమంతా ఆ బుడగే మింగేసింది. తాత చెప్పినట్టు పైపునూ సిరంజిలనూ బకెట్ నీళ్లలో ముంచి బుడగ తీసేశాక చేయి లేచింది. చేతి చివరి తొట్టిలో టమాటా పెట్టగానే మాత్రం నడుమకు మడతపడిపోయింది.

"ఇది ఉత్త పనికిమాలిన అట్ట తాతా! ప్లైవుడ్ తెచ్చియ్యి" అంది. తాత పలకలేదు. పిల్ల అట్ట మీద అట్ట అంటించి, పైన టేపు చుట్టింది. చేయి బరువెక్కింది కానీ గట్టిపడలేదు. ఈసారి సిరంజి దాన్ని లేపనే లేకపోయింది.

షెడ్డు మూల పక్కింటి పిల్లాడు కూర్చుని ఉన్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పాఠం చదవమంటే తడబడేవాడు. అందుకని వాడికి 'మొద్దు' అనే పేరు పడిపోయింది. కోసి పారేసిన ముక్కలు తీసుకుని వాడు వంచి వంచి చూస్తున్నాడు.

"అక్కా, దీన్ని ఇట్లా వంచితే వంగుతాది, అట్లా వంచితే వంగేదే లేదు" అన్నాడు.

తాత ఆ ముక్క అంచును వెలుతురుకు పెట్టాడు. రెండు కాగితాల నడుమ అలలు అలలుగా మడిచిన మరో కాగితం, ఆ మడతల మధ్య సన్నని గొట్టాలు వరసగా కనిపించాయి. ఒకే అట్టలోంచి రెండు పట్టీలు కోయించాడు. ఒకదానిలో గొట్టాలు పొడవునా, మరోదానిలో అడ్డంగా ఉన్నాయి. రెండింటినీ ఇటుకల మధ్య వంతెనల్లా పెట్టి ఒక్కోదాని మీద ఒక టమాటా ఉంచారు. అడ్డం పట్టీ మడతపడి కిందపడింది. పొడవు పట్టీ నిలిచింది.

మనవరాలు చేతిని మళ్లీ కోసింది, గొట్టాలు పొడవునా వచ్చేటట్టు. టమాటా లేచింది.

"అట్ట మార్చావా అమ్మణ్ణీ?" అనడిగాడు తాత.

"లేదు తాతా, అదే అట్ట. నేనే అడ్డంగా కోశాను."

ఆ పిల్ల గీతలు గీసే స్కేలూ పెన్సిలూ తీసుకెళ్లి పిల్లాడి చేతిలో పెట్టింది. ఆ సెలవులంతా ఏ బండికైనా ముందు గీత గీసింది వాడే.

నీతి: బలం లేదని తేల్చేముందు ఎటు తిప్పి పెట్టామో చూసుకోవాలి.

అట్టలోని ఈ మడతల కాగితానికి 1856లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది పొడవాటి టోపీల లోపలి అస్తరు కోసం. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ అదే కాగితాన్ని గాజుసీసాలు పగలకుండా చుట్టడానికి వాడాడు. ఇవాళ లోకంలో ఎంతో సరుకు ఆ అట్టలోనే తిరుగుతోంది. ఇలాంటి మామూలు వస్తువులతో పాఠాలూ చెప్పొచ్చు. ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లెబడులకు వెళ్లి, అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వ్ ట్యూబుతో పిల్లలకు విజ్ఞానం నేర్పడం మొదలుపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పారేసిన వస్తువును నమ్మినవాడే వెనకబెంచీ పిల్లవాణ్నీ నమ్మగలడు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి అయిన పిల్లలు ఎందరో ఉన్నారు. పుస్తకం ముందు తడబడినంత మాత్రాన వాళ్లకు బుద్ధి లేదనకండి. ఈసారి మీ ఇంటికి వచ్చే అట్టపెట్టెను పాతసామాను వాడికి వేయకండి. పిల్లలకిచ్చి, పక్కన కూర్చోండి.