వరద దినమున మన సహోదరి

ధ్యాన భాగములు: మత్తయి 24:15–20, రూతు 2:8, 9



గండికోట యొద్ద కొండ అంచున నిలిచి చూచువారికి, ఎఱ్ఱమలలను చీల్చుకొని పారు పెన్నానది దేవుని శక్తిని జ్ఞాపకము చేయును. అయితే మన సీమకు ఒక ఏట నీళ్లు లేక కరవు, మరియొక ఏట నీళ్లు మిక్కుటమై వరద. 2021 నవంబరు 19న పెన్నకు ఉపనదియైన చెయ్యేరు పొంగి, అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగెను. రాజంపేట ప్రాంతమున పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములలో ప్రాణములు పోయెను, ఇండ్లు కూలెను.

వరద స్త్రీయని, పురుషుడని చూడదని మనమందుము. నీరు చూడదు, నిజమే. కాని మన వాడుకలు చూచును. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో, తమిళనాడులోని కడలూరు జిల్లాలో పురుషులకంటె స్త్రీలే చాల హెచ్చుగా చనిపోయిరి. ఏల? మగవారిలో పలువురు సముద్రముమీద పడవలలో నుండిరి. లోతునీట ఆ అల తెలియలేదు. స్త్రీలు ఒడ్డున చేపలకొరకు కనిపెట్టుచుండిరి, ఇంట బిడ్డలతో నుండిరి. వారికి ఈత నేర్పినవారు లేరు. చీరకట్టుతో పరుగు సాగలేదు. చంకలోని బిడ్డను విడిచి ఏ తల్లి పారిపోగలదు?

మన ప్రభువు ఒలీవల కొండమీద రాబోవు శ్రమను గూర్చి చెప్పుచు, పారిపోవు జనులలో ఎవరిని తలంచి అయ్యో యనెను? గర్భిణులను, పాలిచ్చు తల్లులను. ఆయన దృష్టికి గుంపు మాత్రమే కనబడలేదు. వేగముగా నడువలేని స్త్రీ కనబడెను.

మనమో? వరద వచ్చినప్పుడు దేవాలయపు తలుపులు తెరతుము. బియ్యము, దుప్పట్లు పంచుదుము. మంచిదే. అయితే ఆ రాత్రి స్త్రీలకు గడియగల మరుగుదొడ్డి, దారిలో దీపము ఉన్నవా? నెలసరికి కావలసిన గుడ్డలను గూర్చి తలంచితిమా? నిండు చూలాలిని ఆసుపత్రికి చేర్చువారెవరో ముందుగా ఏర్పరచితిమా? పరిహారపు పట్టికలో విధవరాలి పేరు చేరెనా యని విచారించితిమా? సిగ్గుచేత ఆమె అడుగదు. అడుగలేదు గనుక అక్కరలేదని మనమనుకొందుము. ఇది మనము ఒప్పుకొనవలసిన పాపము.

రూతును చూడుడి. కరవుచేత చెదరిన కుటుంబములోని విధవరాలు, పరదేశి. బోయజు ఆమెను పరిగె యేరుకొననిచ్చుటతో తృప్తినొందలేదు. ఆమె జోలికి పోరాదని పనివారికి ఆజ్ఞాపించెను. దప్పిగొన్నప్పుడు వారు చేదిన నీళ్లు త్రాగుమని ఆమెతో చెప్పెను. మగవారు చేదగా స్త్రీ త్రాగుట! కరవు ఏట బిందెలతో దూరము నడచు మన సీమ స్త్రీలు ఈ మాట ఎంత ఆశ్చర్యముతో విందురు!

కాబట్టి వానలకు ముందుగానే సంఘపెద్దలు స్త్రీల సమాజమువారిని పిలిచి, ఆశ్రయపు ఏర్పాట్లు ఎట్లుండవలెనో వారి నోటనే విందురు గాక. మన కుమార్తెలకు ఈత నేర్పుదము. మన కుమారులకు బిందె మోయుట నేర్పుదము. వేగముగా నడువలేనివారిని మరువని ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.