అస్తమయము ఎవరి లెక్కన?

ఇంజను సాయము లేక ఎగురు విమానము గలదు. దానికి గ్లైడరని పేరు. ఎండకు కాగిన నేలనుండి లేచు వేడిగాలిలో గద్దవలె చుట్లు తిరుగుచు అది పైకి పోవును. 1937లో జర్మనీలోని వాసెర్‌కుప్పె కొండమీద దీనికి అంతర్జాతీయ పోటీలు జరిగెను. నిర్ణయించిన దారి చుట్టి త్వరగా తిరిగి వచ్చినవానికి ఎక్కువ మార్కులు. దారిలో ఏ చేనిలోనో దిగినవానికి దూరపు మార్కులే గాని వేగపు మార్కులు లేవు.

అయితే చీకటి పడకముందే దిగవలెనను కట్టడి యున్నది. చీకటిలో చెట్లును కరెంటు తీగెలును కానరావు. దిగుచోటు తప్పినచో మరల లేచుటకు ఇంజను లేదు.

పొద్దు వాలగా వేడిగాలి తగ్గును. ఇద్దరు పైలట్లను ఊహించుడి. ఒకడు గడియారము చూచి, ఎవరిదో గడ్డిచేనిలో దిగెను. రెండవవాడు పైనుండి చూడగా సూర్యుడింకను కనబడుచుండెను. వెయ్యి మీటర్ల ఎత్తున నున్నవానికి నేలమీదివారికంటె కనీసము నాలుగు నిమిషములు ఎక్కువసేపు సూర్యుడు కనబడును. “వెలుగున్నది గదా!” అని అతడు సాగిపోయి గమ్యము చేరెను. అతడు అబద్ధమాడలేదు. ఎవరికిని దెబ్బ తగులలేదు. మరి దోషమేమి?

1990ల నుండి విమానములోని పరికరమే చోటును సమయమును వ్రాసికొనుచున్నది గనుక ఎప్పుడు దిగెనో తెలియును. గాని మా ప్రశ్న అది కాదు.

2009 నాటి బ్రిటిషు విమానయాన ఉత్తరువులో ఒక మాట గలదు: అస్తమయమును నేలమట్టమున లెక్కింపవలెను. ఈ మాటయొద్ద మేము చాలసేపు ఆగితిమి. ఎంత ఎత్తున ఎగిరినను అతడు దిగవలసినది నేలకే. అక్కడ అప్పటికే చీకటి. మొదటివాడు మాత్రము పైనున్నప్పుడు అదే సూర్యుని చూడలేదా? చూచియు దిగెను.

కూలివాని జీతము ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండమున నున్నది. అక్కడ ప్రొద్దు ఎవరిది? మేడమీది యజమానునిదా, వాకిట నిలిచినవానిదా? “ఇంకను ప్రొద్దున్నది, ఆగుము” అని మేమును కూలివారితో అనిన దినములు గలవు. అప్పుడు మా యింట దీపము వెలుగుచుండెను.

గడ్డిచేనిలో దిగినవాడు తన విమానమును మోసికొనిపోవు బండికొరకు కనిపెట్టుచు కూర్చుండెను. అతని తలమీదుగా రెండవ గ్లైడరు పోయెను. దాని రెక్కలమీద ఇంకను ఎండ యుండెను.