పదును, ప్రక్షిప్తం

పక్షి ఫోటోకు పదును పెట్టడం నీతికి సంబంధించిన ప్రశ్న అవుతుందా? కాదనే నేనూ అనుకునేవాణ్ణి. కిన్నెరసాని అడవి అంచున తీసిన ఒక పాలపిట్ట ఫోటో నా అభిప్రాయాన్ని మార్చింది.

ముందు పని స్వరూపం చూద్దాం. డిజిటల్ కెమెరా పట్టిన ముడి ఫైలు సహజంగానే కొంత మెత్తగా ఉంటుంది. పదును పెట్టడమంటే కొత్త వివరం చేర్చడం కాదు. వెలుగూ నీడా కలిసే అంచున వెలుగువైపును ఇంకొంచెం వెలిగించి, నీడవైపును ఇంకొంచెం ముదురు చేయడం. మితిమీరితే రెక్క చుట్టూ తెల్లని గీత తేలి మన పనిని పట్టిస్తుంది. ఇటీవలి కృత్రిమ మేధ పరికరాల పద్ధతి వేరు. అసంఖ్యాకమైన బొమ్మల నుంచి ఈక ఎలా ఉంటుందో నేర్చుకుని, మసక ఉన్నచోట "ఉండదగిన" ఈకను అవి రచించి పెట్టగలవు.

తెలుగు సాహిత్యం చదివినవాళ్ళకు ఈ తేడా కొత్త కాదు. తాళపత్రాల్లోని లేఖక దోషాలను ఇతర ప్రతులతో పోల్చి దిద్దడం పరిష్కరణ. ఆకును పురుగు తిన్నచోట నిజాయితీగల పరిష్కర్త గ్రంథపాతమని చుక్కలు పెడతాడు. ఆ ఖాళీలో తానొక పద్యం రాసి కవి పేరున చెలామణి చేస్తే అది ప్రక్షిప్తం. పద్యం ఎంత బాగుంటే మోసం అంత గట్టిది.

ఇది వట్టి పండితుల తగవు కాదు. 1848లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన కలివికోడిని 19వ శతాబ్దంలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల గోదావరి లోయలో చూసినట్లు నమోదయింది. 1900 తరువాత కనిపించక, 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. రేపు ఏ విద్యార్థో ఇక్కడ దాని మసక ఫోటో తీస్తే, శాస్త్రానికి కావలసింది ఆ మసకే. యంత్రం గీసిన ఛాతీ పట్టీలు సాక్ష్యానికి పనికిరావు.

ఇంతవరకూ నేను నిర్దోషినే. ఒక్క ఈకనూ యంత్రంచేత రాయించలేదు. నేను చేసిన పని వేరు. నా పాలపిట్ట పోడు చేను గట్టున మోడు మీద వాలి ఉంది. వెనక జొన్నచేను, పిట్టలు తోలే మంచె, మంచె మీద మనిషి. "అడవి పక్షి" అనిపించాలని ఆ మూడింటినీ చెరిపి, ఆకుపచ్చని మసక నింపాను. క్లాసులో చూపిస్తే పిల్లలు మెచ్చుకున్నారు. ఒక కోయ విద్యార్థి మాత్రం అడిగాడు: "ఇది మా ఊరి చేలల్ల మోడే సార్. మరి మా మంచె ఏది?"

జవాబు చెప్పలేకపోయాను. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13కు ముందునుంచే భూమి తమ సాగులో ఉందని రుజువు చూపవలసిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. "అక్కడ ఎవరూ లేరు" అన్న మాట వాళ్ళమీద ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. నేను ఆ మాటనే అందంగా చెప్పాను. పైగా అది పక్షి విషయంలోనూ అబద్ధమే. పాలపిట్ట దట్టమైన అడవి పిట్ట కాదు. చేలల్లో, బయళ్ళలో, మోడుల మీదా తీగల మీదా కూర్చుని పురుగుల కోసం కాచుకునే పిట్ట.

మిత్రులు కొందరు అంటారు: ఫ్రేము బిగించినప్పుడే ఎంపిక జరిగింది గదా, చెరిపితే కొత్తగా వచ్చిన దోషమేమిటని. ఫ్రేముతో మభ్యపెట్టలేమని నేననను. కాని ఫ్రేముకు అంచు ఉంది. అంచు అవతల ఏముందని చూసేవాడు అడగగలడు. చెరిపివేతకు అంచు లేదు. అది ప్రశ్న పుట్టే చోటునే పూడ్చివేస్తుంది. కనుక ముడి ఫైలును మూలప్రతిలా భద్రపరచడం, ఏమి దిద్దామో చెప్పడం కనీస ధర్మం.

మరుసటి వారం అదే ఫోటోను, పదును మాత్రమే పెట్టి, అదే క్లాసులో చూపించాను. పక్షి కొంచెం చిన్నదైనట్లు అనిపించింది. ఆ గంటంతా పాలపిట్ట గురించీ, పోడు గురించీ మాట్లాడుకున్నాం. ఎక్కువ మాట్లాడింది ఆ కోయ పిల్లవాడే.